బ్రిటిష్ కాలంలో పోలీసుకు తోడుగా పటాలం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఏ ఊళ్ళో స్వాతంత్య్ర పోరాటం మాటెత్తినా, "అప్పట్లో మా ఊరికి మిలిటరీ దిగిందంట" అనేవాళ్ళు ఒకరైనా తగులుతారు. ఆ మాట కొన్నిచోట్ల నిజం, చాలాచోట్ల సగం నిజం. దిగినవాళ్ళు తుపాకులు పట్టుకుని బారులు తీరి వచ్చిన పోలీసులే అయ్యుంటారు. ఎవరైతే ఏంలే, కొట్టారా లేదా అనిపించవచ్చు. కానీ ఇంత పెద్ద దేశాన్ని తెల్లవాళ్ళు అంత కొద్ది సైన్యంతో ఎలా అదుపులో పెట్టారో తెలియాలంటే ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి. గ్రూప్స్‌కి చదివే పిల్లలు, ఊరి చరిత్ర రాసుకునేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి.

పోలీసులు ఉండగా సైన్యంతో పనేముంది?

దొంగతనాలకీ, పొలం గట్ల తగాదాలకీ సైన్యం అక్కర్లేదు. పరిస్థితి జిల్లా పోలీసుల చెయ్యి దాటిపోయిన రోజు కోసం దాన్ని వెనకాల ఉంచుకునేవాళ్ళు. రెండో కారణాన్ని పైకి చెప్పేవాళ్ళు కాదు. పోలీసులు ఈ ఊళ్ళవాళ్ళే, ఆ జనంలో పుట్టి పెరిగినవాళ్ళే. జనం మొత్తం ఒకవైపు నిలబడితే వాళ్ళు ఎటు తిరుగుతారో అన్న అనుమానం దొరలకు ఎప్పుడూ ఉండేది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత భారత సైన్యాన్ని పని బట్టి మూడు భాగాలు చేశారు. వాయవ్య సరిహద్దును కాచేది ఒకటి, యుద్ధానికి వెళ్ళేది ఒకటి, మూడోది అచ్చంగా అంతర్గత భద్రత కోసం. అంటే మన మీద కాపలాకే ఒక భాగాన్ని విడిగా కేటాయించారన్నమాట.

కంపెనీ రోజుల్లో నెల్లూరు జిల్లాలో పోలీసులు ఎవరు?

ఈనాటి అర్థంలో పోలీసు అనేవాడే లేడు. ఊరికి తలారి, కావలివాళ్ళు. తాలూకాకి తాసీల్దారు, అతని బంట్రోతులు. 1816లో చేసిన రెగ్యులేషన్ల ప్రకారం శిస్తు వసూలు చేసే తాసీల్దారే తన తాలూకాకి పోలీసు అధికారి కూడా. కలెక్టరే జిల్లా మేజిస్ట్రేటు. శిస్తు కట్టలేదని పిలిపించేదీ, నేరం చేశావని పిలిపించేదీ ఒకే మనిషి అయితే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. అదే జరిగింది. శిస్తు కోసం రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారన్న ఫిర్యాదులు సముద్రం దాటి బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్ళాయి. మద్రాసులో విచారణ కమిషన్ వేశారు. అది 1855లో నివేదిక ఇచ్చింది, చిత్రహింసలు నిజమేనని తేల్చింది.

శిస్తుకీ సైన్యానికీ ముడి అంతకు ముందు నుంచే ఉంది. 1757లో నెల్లూరును ఏలుతున్న నజీబుల్లా, తన అన్న అయిన ఆర్కాటు నవాబు మహమ్మదాలీకి ఎదురు తిరిగాడు. నవాబు తరఫున కంపెనీ ఫోర్డ్ అనే సైనికాధికారిని పంపింది. అతను నెల్లూరు కోటను ముట్టడించాడు, గోడ దాటలేక వెనుదిరిగాడు. పేరుకు నవాబు అధికారం, వెళ్ళింది కంపెనీ సిపాయిలు. 1801లో నవాబు రాజ్యంతోపాటు నెల్లూరు కూడా కంపెనీ చేతికి వచ్చాక ఆ ముసుగు కూడా అక్కర్లేకపోయింది.

నరసింహారెడ్డి మీదికి గిద్దలూరు దాకా వచ్చింది పోలీసులా, సైన్యమా?

సైన్యమే. ఈ రెండు జిల్లాల నేల మీద "మిలిటరీ వచ్చింది" అని తడబడకుండా చెప్పగలిగిన సందర్భాల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. గిద్దలూరు ప్రకాశం జిల్లాలో కలిసింది 1970లో, ఆ జిల్లా పుట్టినప్పుడు. 1846 నాటికి గిద్దలూరు, కంభం, కోయిలకుంట్ల అన్నీ కడప కలెక్టరు కింద ఉండేవి.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాలెగాళ్ళ వంశంవాడు. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల పింఛను మీద బతకాల్సిన స్థితికి తెచ్చారు. దానికి తోడు బంధువులకు వచ్చే పింఛన్లు ఆగిపోయాయి, కాపలాకు కూలిగా ఉన్న కట్టుబడి మాన్యాలు పోయిన ఊరి కావలివాళ్ళు వచ్చి అతని చుట్టూ చేరారు. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. అక్కడ ఎదురు నిలవాల్సింది ఎవరు? తాసీల్దారూ, బంట్రోతులూ. తిరగబడినవాళ్ళలోనూ నిన్నటిదాకా ఊరిని కాచిన కావలివాళ్ళు ఉన్నారు. కంచే చేను మేసిందని కలెక్టరు కాక్రేన్ అనుకుని ఉండవచ్చు. మరి ఆ కంచెకు కూలి ఎగ్గొట్టింది ఎవరో కూడా అతనికి తెలుసు.

అతనికీ పటాలానికీ నడుమ ఇంకో మెట్టు లేదు. బంట్రోతులు చాలకపోతే నేరుగా సైన్యానికి రాయాల్సిందే. కెప్టెన్ నాట్, లెఫ్టినెంట్ వాట్సన్ దళాలతో వచ్చారు. గిద్దలూరు దగ్గర పోరు జరిగింది. రెడ్డి నల్లమల పట్టాడు. అక్టోబరులో దొరికాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు.

పన్నెండేళ్ళ తర్వాత పుట్టిన మద్రాసు పోలీసు వ్యవస్థ ఈ లేని మెట్టును కట్టడానికి పుట్టిందే. పరీక్షల కోసం చదివేటప్పుడు ఈ రెండూ వేరు వేరు పాఠాల్లో ఉంటాయి, అందుకే ఎవరూ కలిపి చూడరు.

1806 సిపాయిల తిరుగుబాటు నెల్లూరులోనేనా?

కాదు, వెల్లూరులో. ఇప్పటి తమిళనాడు. ఆన్‌లైన్ టెస్టుల్లో ఈ రెండు పేర్లూ తారుమారవడం చూస్తూనే ఉన్నాం.

1859లో ఏం మారింది?

మద్రాసు ప్రెసిడెన్సీ కోసం 1859లో 24వ చట్టం తెచ్చి, శిస్తు పనిని పోలీసు పని నుంచి విడదీశారు. పోలీసులకు ఒక ఇన్‌స్పెక్టర్ జనరల్, జిల్లాకో సూపరింటెండెంటు వచ్చారు. విలియం రాబిన్సన్ ఆ వ్యవస్థను నిలబెట్టాడు. దేశం మొత్తానికి 1861 చట్టం వచ్చేసరికే మద్రాసులో పని మొదలైపోయింది.

లండన్ వీధుల్లో తుపాకీ లేకుండా తిరిగే పోలీసును ఇక్కడికి తేలేదు. ఐర్లండులో జనాన్ని అణచడానికి బారక్‌లలో ఉంచి, తుపాకీ ఇచ్చి, కవాతు నేర్పిన పోలీసు ఒకటుంది. వలసలన్నిటికీ పనికొచ్చిన నమూనా అదే. జిల్లా పోలీసుల్లో రెండు పాయలు ఏర్పడ్డాయి. ఠాణాలో కూర్చుని కేసులు రాసేవాళ్ళు ఒక పాయ. జిల్లా కేంద్రంలో లైన్లలో ఉండి పొద్దున్నే పరేడ్ చేసి, ఎక్కడ గొడవైతే అక్కడికి లారీ ఎక్కేవాళ్ళు రెండో పాయ. దాన్నే మనం ఇప్పటికీ రిజర్వు అంటాం, ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వు) అంటాం. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఈనాటి ఏఆర్ కానిస్టేబుళ్ళు చేసే బందోబస్తు డ్యూటీ ఆ కాలపు ఏర్పాటుకు నేరు వారసురాలు.

కలెక్టరు సైన్యాన్ని ఎలా పిలిచేవాడు? పిలిస్తే ఏం జరిగేది?

ఎక్కువమంది అడగరు గానీ, అడగాల్సిన ప్రశ్న ఇదే.

1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 127 నుంచి 132 దాకా ఆరు సెక్షన్లున్నాయి. వాటిని వరసగా చదివితే ఒక గుంపు ముందు నిలబడ్డ మేజిస్ట్రేటు ఏమేం చెయ్యాలో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. మొదట, వెళ్ళిపొమ్మని చెప్పాలి. ఈ పని మేజిస్ట్రేటుగానీ ఠాణా అధికారిగానీ చెయ్యవచ్చు. వినకపోతే పోలీసు బలంతో చెదరగొట్టాలి, అవసరమైతే అరెస్టులు చెయ్యాలి. అప్పటికీ లొంగకపోతేనే, జనం భద్రతకు అది తప్పదనుకుంటేనే, అక్కడున్న మేజిస్ట్రేటుల్లో పైస్థాయివాడు సైన్యాన్ని వాడమనవచ్చు.

ఇక్కడ బాధ్యత రెండుగా చీలుతుంది. సైన్యాన్ని వాడాలా వద్దా అన్న నిర్ణయం మేజిస్ట్రేటుది. ఎలా వాడాలన్నది సైనికాధికారిది. ఎంతమందిని ముందుకు పంపాలి, ఏ ఆయుధం వాడాలి, ఎన్ని గుళ్ళు కాల్చాలి అన్నదాంట్లో మేజిస్ట్రేటు వేలు పెట్టకూడదు. అయితే ఆ అధికారి చేతులకు కూడా చట్టం ఒక బంధం వేసింది. గుంపును చెదరగొట్టడానికి, మనుషుల్ని పట్టుకోవడానికి ఎంత తక్కువ బలం సరిపోతే అంతే వాడాలి, మనుషులకూ ఆస్తులకూ వీలైనంత తక్కువ హాని చెయ్యాలి. 130వ సెక్షన్‌లో ఉన్న మాటల సారం ఇది.

మేజిస్ట్రేటు అందుబాటులో లేకపోతే? కమిషన్డ్ ఆఫీసరు సొంతంగా గుంపును చెదరగొట్టవచ్చని 131 చెబుతుంది. కానీ మేజిస్ట్రేటుతో మాట్లాడే వీలు చిక్కిన క్షణం నుంచీ అతను చెప్పినట్టు వినాలి. ఇక 132వ సెక్షన్, వీళ్ళెవరి మీదా ప్రభుత్వ అనుమతి లేకుండా కేసు పెట్టకూడదంటుంది. మొదటి అయిదు సెక్షన్లూ ఎంత పకడ్బందీగా ఉన్నా ఆరోది తలుపు వేసేస్తుంది. బాధితుడు కోర్టు మెట్లెక్కాలంటే, తన మీద కాల్పులు జరిపించిన ప్రభుత్వాన్నే అనుమతి అడగాలి.

ఆచరణలో ఇలా ఉండేది. ఒంగోలులో గొడవ జరిగిందనుకోండి. ముందు స్థానిక ఠాణా, తర్వాత జిల్లా రిజర్వు. అదీ చాలకపోతే పక్క జిల్లా రిజర్వును అడుగుతారు. ఆ తర్వాతే మద్రాసుకు టెలిగ్రాం. పెద్ద కంటోన్మెంట్లు బెంగళూరు, బళ్ళారి, సికింద్రాబాదుల్లోనూ, మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్‌లోనూ ఉండేవి. 1899లో బెజవాడ–మద్రాసు రైలు దారి పడ్డాక నెల్లూరుకీ ఒంగోలుకీ సైన్యాన్ని తేవడం రాత్రికి రాత్రి అయ్యే పని అయింది. అందుకే ప్రతి జిల్లాలో పటాలాన్ని కూర్చోబెట్టి మేపాల్సిన అవసరం లేకపోయింది.

దిగాక సైనికులు జనానికి ఎదురుగా వరస కడతారు. పక్కన మేజిస్ట్రేటు తప్పకుండా ఉండాలి. బ్యూగిల్ ఊదుతారు. స్థానిక భాషలో రాసిన గుడ్డ బ్యానర్ విప్పుతారు, వెళ్ళిపోకపోతే కాల్పులు తప్పవని దాని మీద ఉంటుంది. ఆ రోజుల్లో చదువొచ్చినవాళ్ళు ఎందరని! అందుకే గొంతెత్తి కూడా చెప్పేవాళ్ళు. ఆ తర్వాత అధికారి పేరు పెట్టి పిలిచిన సైనికుడే కాలుస్తాడు, చెప్పినన్ని గుళ్ళే కాలుస్తాడు. అంతా అయ్యాక ఖాళీ తూటా గొట్టాలు ఏరి లెక్క కట్టాలి, ఎన్ని పేలాయో నివేదికలో రాయాలి. పుస్తకంలో ఉన్న పద్ధతి ఇది. అన్నిచోట్లా ఇలాగే జరిగిందని అనుకుంటే అమాయకత్వం.

ముందు గాల్లోకి కాలుస్తారు కదా?

సినిమాల్లో కాలుస్తారు. పోలీసు నియమాలు దాన్ని ఒప్పుకోవు. గాల్లోకి పేల్చిన గుండు ఎక్కడో మేడ మీద బట్టలారేసుకుంటున్న మనిషికి తగలవచ్చు. పైగా ఏమీ కాలేదని చూసి గుంపు ఇంకా ముందుకొస్తుంది. కాల్చక తప్పకపోతే కిందికి, కాళ్ళ వైపు గురి పెట్టాలన్నది నియమం.

పోలీసు తుపాకీ, సైనికుడి తుపాకీ ఒకటేనా?

కాదు. సైనికుడిది .303 రైఫిల్, దూరం పోతుంది, గురి తప్పదు. పోలీసులకు ఎక్కువగా ఇచ్చింది .410 మస్కెట్. చూడ్డానికి రైఫిల్‌లాగే ఉంటుంది, గొట్టం లోపల మాత్రం నున్నగా ఉంటుంది, దూరం పోదు. 1857 తర్వాత ఫిరంగి దళాలను చాలావరకు తెల్లవాళ్ళ చేతుల్లోనే ఉంచుకున్నారు. అదే జాగ్రత్త కిందిదాకా వచ్చి, పోలీసుకు ఒక మెట్టు తక్కువ తుపాకీ చేతికిచ్చింది. ఆ పోలీసే రేపు తిరగబడితే అణచాలి కదా!

"మలబారు పోలీసులు" అంటే ఎవరు? వాళ్ళు మిలిటరీ కాదా?

ఊరి పెద్దల జ్ఞాపకాల్లో కనిపించే మిలిటరీలో పెద్ద భాగం వీళ్ళే అని నా అభిప్రాయం.

1921లో మలబారులో (ఇప్పటి కేరళ ఉత్తర భాగం) మాప్పిళ్ళలనే అక్కడి ముస్లింల తిరుగుబాటు వచ్చింది. మార్షల్ లా పెట్టారు, గూర్ఖాలు మొదలు తెల్ల పటాలాల దాకా దింపారు. సైన్యాన్ని ఎల్లకాలం అక్కడ ఉంచలేరు. మామూలు పోలీసుల వల్ల అయ్యే పని కాదు. అందుకని ఆ ఏడాదే మలబార్ స్పెషల్ పోలీస్ అనే దళాన్ని కట్టారు. పేరులో పోలీస్ ఉంది, జీతం పోలీసు పద్దు కిందనే. మిగతాదంతా పటాలం. కంపెనీలుగా ఉంటారు. వాళ్ళలో సుబేదార్లు, జమేదార్లు, హవల్దార్లు, నాయక్‌లు. ఠాణా లేదు, కేసు రాయరు, ఊళ్ళో ఎవరినీ ఎరగరు, మన భాష రాదు. ఏ జిల్లాలో గొడవైతే ఆ జిల్లాలో దిగి, గుడారాలేసి, పని ముగించుకుని పోతారు. మన ఊరివాళ్ళు చూసి మిలిటరీ అనుకున్నారంటే ఆశ్చర్యం ఏముంది?

ప్రభుత్వానికి ఇందులో రెండు లాభాలు. సైన్యాన్ని పిలిస్తే ఢిల్లీకి లెక్క చెప్పాలి, పత్రికల్లో వస్తుంది, పార్లమెంటులో ప్రశ్నలు లేస్తాయి. అదే పోలీసులైతే మద్రాసు ప్రభుత్వం తన ఇంట్లో పనిలా చేసుకుపోవచ్చు. బయటి మనుషుల్ని తెచ్చారు కాబట్టి స్థానికుల మీద జాలి పడతారన్న టెన్షన్ కూడా లేదు.

స్వాతంత్య్రం వచ్చాక కూడా ఈ దళం మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1948 తర్వాత కమ్యూనిస్టుల వేటలో కోస్తా జిల్లాల ఊళ్ళ మీద పడింది. ఆ పేరు చెబితే ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో ముసలివాళ్ళ ముఖాలు మారిపోతాయి. ఈ తరహా దళాల వరసలోనిదే మన ఏపీఎస్పీ (ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీస్). వెంకటగిరిలో ఉన్న 9వ బెటాలియన్ ఆ కోవలోదే. వెంకటగిరి 2022 దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా.

మన్యంలో అల్లూరి మీదికి ఎవరొచ్చారు?

ఇందాక చెప్పిన మెట్లన్నీ ఒకే కథలో కనిపించేది ఇక్కడే. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి అల్లూరి సీతారామరాజు దళం తుపాకులు ఎత్తుకెళ్ళింది. మొదట జిల్లా పోలీసులు, రిజర్వు కదిలారు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. అప్పుడు మలబార్ స్పెషల్ పోలీస్ వచ్చింది. దాంతోనూ కాక, 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్‌ను దేశం ఆ చివర నుంచి ఈ చివరకు తెచ్చారు. కొండల్లో యుద్ధానికి అలవాటుపడ్డ దళం అది, అప్పట్లో అదీ అర్ధసైనిక దళమే. మే 7న కొయ్యూరులో రాజును కాల్చేశారు. దాదాపు రెండేళ్ళు.

అంతకు ముందు 1879–80 రంప తిరుగుబాటులో మాత్రం మద్రాసు పదాతి దళాలే నేరుగా దిగాయి. నలభై ఏళ్ళలో వచ్చిన తేడా చూడండి. సైన్యం చేసిన పనిని పోలీసు పేరుతో ఉన్న దళాలకు అప్పజెప్పారు.

టంగుటూరి ప్రకాశం పంతులు గారు రొమ్ము చూపించింది సైనికుడికా, పోలీసుకా?

పోలీసులకు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ రాకకు నిరసనగా మద్రాసులో హైకోర్టు దగ్గర జనం గుమిగూడారు. పోలీసులు కాల్పులు జరిపితే ఒక యువకుడు చనిపోయాడు. శవం దగ్గరికి వస్తే కాల్చేస్తామని పోలీసులు బెదిరిస్తే పంతులు గారు చొక్కా చించి కాల్చమన్నారు. ఊరూరా ఉన్న విగ్రహాల్లోనూ, బడి నాటకాల్లోనూ ఎదుట నిలబడ్డవాడు రానురాను తెల్ల సైనికుడైపోయాడు. వినోదరాయునిపాలెంలో పుట్టిన మనిషి ధైర్యానికి దానివల్ల తరుగేమీ లేదు గానీ, ఎదురుగా ఉన్నవాళ్ళు మన మద్రాసు పోలీసులే అన్న సంగతి మరుగున పడుతోంది.

చీరాల–పేరాల, మైపాడు, దేవరంపాడు ఉద్యమాల్లో పటాలం దిగిందా?

వీటిని అణచడానికి వాడింది ప్రధానంగా పోలీసుల్ని, మేజిస్ట్రేటుల్ని, జైళ్ళని. చీరాల–పేరాలలో మునిసిపాలిటీ పన్నులు కట్టలేమని 1921లో జనం ఇళ్ళు వదిలేసి ఊరి బయట రామనగర్ కట్టుకున్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి రామదండు ఊరి కట్టుబాటు చూసుకునేది. రాయి విసరని జనం మీద పటాలాన్ని దింపితే నవ్వులపాలవుతామని ప్రభుత్వానికి తెలుసు. దుగ్గిరాల వారిని అరెస్టు చేసింది. 1930లో మైపాడు, దేవరంపాడు తీరాల్లో ఉప్పు చేసినప్పుడూ లాఠీ, అరెస్టు, జైలు. ఉప్పు శాఖకు సొంత బంట్రోతులు కూడా ఉండేవాళ్ళు. తిరుగుబాటైతే సైన్యంతో అణచవచ్చు. చేతులు కట్టుకుని కూర్చున్న మనిషిని ఏ సెక్షన్ కింద కాల్చాలి?

చీరాల అప్పట్లో గుంటూరు జిల్లా, 1970 నుంచి 2022 దాకా ప్రకాశం, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఒంగోలు తాలూకా కూడా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండి తర్వాత గుంటూరుకు పోయింది. పాత కాగితాలు వెతికేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి.

అణచడానికి తెల్ల సైనికుల్నే పంపేవాళ్ళా?

అప్పుడప్పుడు మనవాళ్ళనూ పంపారు. కానీ లెక్కలో మొగ్గు తెల్లవాళ్ళ వైపే. సైన్యం మొత్తంలో ఒక తెల్ల సైనికుడికి రెండున్నర మంది భారతీయులుంటే, అంతర్గత భద్రతకు కేటాయించిన దళాల్లో ఎనిమిది మంది తెల్లవాళ్ళకు ఏడుగురు భారతీయులు. ఈ లెక్క బయటపెట్టింది ఎవరో కాదు, పంతులు గారు ఎదిరించిన సైమన్ కమిషనే, 1930 నివేదికలో.

ఆ ఏడాదే వాళ్ళ భయం నిజమైంది. 1930 ఏప్రిల్ 23న పెషావరులో చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వంలోని గఢ్వాల్ రైఫిల్స్ జవాన్లు నిరాయుధుల మీద కాల్చం పొమ్మన్నారు. కోర్టు మార్షల్ చేసి కఠిన శిక్షలు వేశారు.

ఆంగ్లో ఇండియన్లకు కూడా తుపాకులు ఇచ్చారంటారు, నిజమేనా?

నిజమే. 1920లో ఆక్సిలరీ ఫోర్స్ అనే స్వచ్ఛంద దళం పెట్టారు. అందులో తెల్లవాళ్ళకీ ఆంగ్లో ఇండియన్లకే చోటు. రైల్వే ఉద్యోగులు ఎక్కువ. మన వైపు రైళ్ళు నడిపిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేకి సొంత రైఫిల్ దళం ఉండేది. బిట్రగుంట లోకో షెడ్డు, రైల్వే కాలనీ, అక్కడి ఆంగ్లో ఇండియన్ కుటుంబాల గురించి విన్నవాళ్ళకు ఈ ప్రశ్న రావడం సహజం. సమ్మె వచ్చినా, అల్లరి వచ్చినా రైలు ఆగకూడదు. రైలు ఆగితే పటాలం రాదు.

మార్షల్ లా, సైనిక సాయం ఒకటేనా?

పూర్తిగా వేరు. సైనిక సాయంలో పెత్తనం మేజిస్ట్రేటు చేతిలోనే ఉంటుంది, కోర్టులు పని చేస్తుంటాయి. మార్షల్ లాలో సైనికాధికారి మాటే చట్టం. 1919లో పంజాబు, 1921లో మలబారు, 1930లో షోలాపూరు దీన్ని చూశాయి. నెల్లూరు జిల్లాకు ఆ గతి పట్టలేదు.

ఈ రెంటి మధ్య గీత చెరిగిపోతే ఏమవుతుందో చెప్పేది జలియన్‌వాలాబాగ్. 1919 ఏప్రిల్ 13 నాటికి అమృత్‌సర్‌లో అధికారికంగా మార్షల్ లా ప్రకటించలేదు, ఊరిని మాత్రం సైన్యానికి వదిలేశారు. బాగ్‌లో మేజిస్ట్రేటు లేడు, హెచ్చరిక లేదు. సైనికాధికారి డయ్యర్ 1650 గుళ్ళు పేల్పించాడు. ప్రభుత్వ లెక్కలోనే 379 మంది చనిపోయారు. పంజాబు మొత్తానికి భయం పుట్టించాలనుకున్నానని, విచారణకు వేసిన హంటర్ కమిటీ ముందు అతనే చెప్పుకున్నాడు. 130వ సెక్షన్‌లోని "తక్కువ బలం" మాట అప్పటికే 20 ఏళ్ళుగా పుస్తకంలో ఉంది.

1942లో?

క్విట్ ఇండియాను అణచడానికి దేశమంతా కలిపి 57 బెటాలియన్లను వాడారు. 1942 ఆగస్టు 15న వైస్రాయి లిన్‌లిత్‌గో సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల ఆర్డినెన్సు తెచ్చాడు. కెప్టెన్, ఆపై హోదా ఉన్న అధికారికి, ఆగమన్నా ఆగనివాడి మీద ప్రాణం పోయేదాకా బలం వాడే అధికారం ఇచ్చింది. మేజిస్ట్రేటు సంతకం ఊసే లేదు. ఆగస్టు 12న తెనాలిలో ఏడుగురిని బలి తీసుకున్న కాల్పులు మాత్రం పోలీసులవి.

మిగతా వలసల్లోనూ ఇదే పద్ధతా?

వరస అదే, పాళ్ళు వేరు. రబ్బరు తోటల్లో మన తెలుగు కూలీలు కూడా ఉన్న మలయాలో (ఇప్పటి మలేసియాలో) 1948 నుంచి 1960 దాకా ఎమర్జెన్సీ నడిచింది. అక్కడ జిల్లాకో కమిటీ వేసి, పౌర అధికారి, పోలీసు అధికారి, సైనికాధికారి ఒకే బల్ల దగ్గర కూర్చుని రోజువారీ నిర్ణయాలు తీసుకునేలా చేశారు. హాంకాంగ్‌లో 1967 అల్లర్లప్పుడు ముందు వరసలో పోలీసులు, వెనక అండగా సైన్యం. 1997లో చైనాకు అప్పగించాక కూడా, శాంతిభద్రతల కోసం అక్కడున్న చైనా దండు సాయం కావాలంటే స్థానిక ప్రభుత్వం కేంద్రాన్ని అడగవచ్చని ఆ ప్రాంత మౌలిక చట్టం 14వ అధికరణంలో రాసుకున్నారు.

ఆ చట్టాలు ఇప్పుడు పోయినట్టేనా?

నంబర్లు మారాయి. 1898 కోడ్ పోయి 1973 కోడ్ వచ్చింది. అది పోయి 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో 148 నుంచి 151 దాకా చదవండి, పై సెక్షన్లు మళ్ళీ కలుస్తాయి. సైన్యాన్ని వాడమనే అధికారం ఇప్పుడు అక్కడున్న జిల్లా మేజిస్ట్రేటుకు, లేదా ఆయన అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. తక్కువ బలం నియమం ఉంది. ప్రభుత్వ అనుమతి లేకుండా కేసు పెట్టకూడదన్న తలుపు కూడా అలాగే మూసి ఉంది. 1942 ఆర్డినెన్సు నమూనాలోనే 1958లో సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం వచ్చింది. మన వైపు దాని అవసరం రాలేదు గానీ ఈశాన్య రాష్ట్రాల్లో కొన్ని ప్రాంతాలవాళ్ళకు అది రోజువారీ బతుకు.

ఎన్నికలప్పుడు ఊళ్ళోకి వచ్చేది మిలిటరీయేనా?

కాదు, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర పోలీసు బలగాలు. సీఆర్‌పీఎఫ్ కూడా ఆ కాలపు బిడ్డే. సంస్థానాల్లో అలజడులు అణచడానికి 1939లో నీమచ్‌లో క్రౌన్ రిప్రజెంటేటివ్స్ పోలీస్‌గా పుట్టింది, 1949 చట్టంతో ఇప్పటి పేరు వచ్చింది.

మా తాత మిలిటరీని చూశానంటాడు. తేల్చుకోవడం ఎలా?

ముందు ఆయన్ని కాదనకండి. మెల్లగా అడగండి. వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళు ఎందరు, ఒకరిద్దరు అధికారులా, వరసలన్నీ తెల్లవేనా? వాళ్ళలో వాళ్ళు ఏ భాష మాట్లాడుకున్నారు? మలయాళమైతే సంగతి దాదాపు తేలినట్టే. ఎక్కడ దిగారు, బడిలోనా, సత్రంలోనా, తోపులో గుడారాలేశారా? ఎన్నాళ్ళున్నారు? వాళ్ళు పోయాక ఊరి మీద అదనపు పన్ను పడిందా? పడితే అది శిక్షా పోలీసు అయ్యుంటుంది. అలజడి చేసిన ఊళ్ళో అదనపు పోలీసుల్ని పెట్టి ఆ ఖర్చు ఊరివాళ్ళ దగ్గరే రాబట్టే వీలు 1861 చట్టంలోనే ఉంది. సైన్యం ఖర్చును ఊరి మీద అలా వెయ్యరు.

ఆ తర్వాత కాగితాలు. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ప్రభుత్వం పదిహేను రోజులకోసారి పైకి పంపిన రాజకీయ నివేదికలతో మొదలుపెట్టండి. అందులో మీ ఊరి పేరో తాలూకా పేరో తగిలితే, ఆ తేదీ పట్టుకుని జీవోలు అడగండి. ఒంగోలు వైపువాళ్ళు 1904కు ముందైతే నెల్లూరు జిల్లా కింద, తర్వాతైతే గుంటూరు కింద వెతకాలి. గిద్దలూరు, మార్కాపురంవాళ్ళు కర్నూలు కింద, నరసింహారెడ్డి నాటి కాగితాలైతే కడప కింద. కనిగిరి, పొదిలి, దర్శి వాళ్ళకు ఈ తిప్పలు లేవు, 1970 దాకా నెల్లూరే.